డాక్‌తో ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపితే ‘నో సిగ్నల్’ ఎందుకొస్తుంది?

(క్లోజప్: ల్యాప్‌టాప్ పక్కనున్న టైప్-సి పోర్టు)

నమస్కారమండీ. విజయవాడ గవర్నర్‌పేటలో డాక్, అంటే ల్యాప్‌టాప్ టైప్-సి పోర్టుకి తగిలించి టీవీ, చార్జర్ లాంటివి కలుపుకునే పెట్టె కొన్నారు, హెచ్‌డీఎంఐ వైరు పెట్టారు, టీవీలో ‘నో సిగ్నల్’ అనే వస్తోంది. డాక్ తిరిగిచ్చేయడానికి బయల్దేరే ముందు ల్యాప్‌టాప్ పోర్టు ఒకసారి చూడండి.

టైప్-సి పోర్టులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కొన్నిట్లో చార్జింగు, డేటా తప్ప బొమ్మ రాదు. పక్కన కొసకు బాణమున్న మెరుపు గుర్తో, ‘డి’లో ‘పి’ ఇమిడినట్టుండే గుర్తో ఉంటే బొమ్మ వస్తుంది. బ్యాటరీ బొమ్మ ఉంటే అది చార్జింగు గుర్తు, దాన్నిబట్టి కొనకండి. ఏ గుర్తూ లేకపోతే మీ మోడల్ వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ (టైప్-సి నుంచి బొమ్మ పంపే సౌకర్యం) అని ఉందేమో వెతకండి.

అదీ లేదా? అప్పుడు బొమ్మను మామూలు డేటాలాగే పంపే డిస్‌ప్లేలింక్ రకం డాక్ కావాలి. దీనికి ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఆఫీసు పనికి బాగానే ఉంటుంది గానీ, ఓటీటీ సినిమా పెడితే కాపీ రక్షణ వల్ల తెర నల్లగా ఉండిపోవచ్చు. ల్యాప్‌టాప్‌కే హెచ్‌డీఎంఐ ఉంటే మాత్రం, ఒక్క టీవీ కోసం డాక్ దండగ.

(దృశ్యం: టీవీ వెనక వైర్లు)

కలిపేటప్పుడు టీవీ, సెట్‌టాప్ బాక్సు ప్లగ్గులు తీసేయండి. బాక్సుకొచ్చే కేబుల్ వైరు కూడా విప్పేయండి. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఆ వైరు మీదుగా కరెంటు లీకై, హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు చేతికి జిల్లుమంటుంది. పోర్టులు కాలిపోయేది కూడా ఇలాగే.

ముందు చార్జర్ డాక్‌కి, తర్వాత హెచ్‌డీఎంఐ, చివర్లో టైప్-సి ల్యాప్‌టాప్‌కి. 65 వాట్ల చార్జర్ పెట్టినా, అందులో కొంత డాకే వాడేసుకుంటుంది. ‘స్లో చార్జర్’ అని వస్తే కంగారు పడక్కర్లేదు. ఇప్పుడు తీసిన ప్లగ్గులు పెట్టి, టీవీలో సోర్స్ ఆ హెచ్‌డీఎంఐకి మార్చి, ల్యాప్‌టాప్‌లో విండోస్ కీతో పాటు ‘పి’ నొక్కి, టీవీలోనూ బొమ్మ వచ్చేలా ఎంచుకోండి.

(స్క్రీన్ రికార్డింగ్: అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే)

బొమ్మొచ్చినా మౌస్ ఈడ్చుకుంటూ కదులుతోందా? ఇక్కడ 30 హెర్ట్జ్, అంటే సెకనుకు 30 సార్లే బొమ్మ మారుతోందని ఉంటుంది చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 డాక్ 4కేలో అంతకు మించి ఇవ్వదు. 60 కావాలంటే డాక్, వైరు, టీవీ పోర్టు మూడూ 2.0కి తగ్గకూడదు. శాంసంగ్ టీవీలో ఆ పోర్టుకి ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’ ఆన్ చేయాలి, ఎల్‌జీలో ‘డీప్ కలర్’ అంటారు. ఇదంతా కుదరకపోతే 1080పీకి దించి 60 పెట్టుకోండి. ఎక్సెల్ పనికి అదే హాయి.

అంచులు తెగిపోతే శాంసంగ్‌లో ‘ఫిట్ టు స్క్రీన్’, ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’. అక్షరాలు మసగ్గా ఉంటే ఆ ఇన్‌పుట్ పేరు ‘పీసీ’గా మార్చండి. సౌండ్ ల్యాప్‌టాప్‌లోనే వస్తుంటే టాస్క్‌బార్ స్పీకర్ గుర్తు నొక్కి టీవీని ఎంచుకోండి.

కరెంటు పోయి వచ్చాక డాక్ మొండికేస్తే, చార్జర్ ఒక్కటే తీస్తే చాలదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి దానికి పవర్ అందుతూనే ఉంటుంది. టైప్-సి వైరు కూడా తీసి, అర నిమిషమాగి, మళ్లీ అదే వరసలో కలపండి.