నకమురా వేగం: గడియారంతో ఆడే చదరంగం

అందరికీ నమస్కారం.

అమెరికా చదరంగ ఆటగాడు హికారు నకమురా బుల్లెట్ ఆట (నిమిషం, రెండు నిమిషాల్లో ముగిసే అతివేగపు చదరంగం) చూసినవాళ్లు ముందుగా మెచ్చుకునేది అతని చేతి వేగాన్ని. నిజమే, కానీ అంత చురుకైన చేతులు ఆన్‌లైన్‌లో కొల్లలు. అతని అసలు బలం సమయాన్ని ఖర్చుపెట్టే తీరులో ఉంది.

లెక్క చూడండి. ఒక నిమిషం బుల్లెట్‌లో ఒక్కొక్కరికి 60 సెకన్లు, ఇంక్రిమెంట్ (ఎత్తుకోసారి కలిసే అదనపు సెకన్లు) ఉండదు. ఆట 50 ఎత్తులు సాగితే ఎత్తుకు 1.2 సెకన్లే. మొదటి పది ఎత్తులు 4 సెకన్లలో ముగించి, తర్వాత మూడు కీలక ఘట్టాల్లో 5 సెకన్ల చొప్పున ఆలోచించినా, మిగతా 37 ఎత్తులకు 41 సెకన్లు ఉంటాయి. చాలామంది ఇక్కడే చెడతారు: ప్రతి ఎత్తుకూ రెండేసి సెకన్లు పంచిపెట్టి, తీరా ఆలోచించాల్సిన చోట చేతులెత్తేస్తారు.

అందుకే అతనికి బ్లిట్జ్‌లో (ఒక్కొక్కరికి మూడు నుంచి ఐదు నిమిషాలుండే ఆటలో) బి3 (బంటును బి3 గడికి జరపడం) లాంటి ఆరంభాలు నచ్చుతాయి. బిషప్‌ను బి2లో పెట్టి, ఎదుటివాడు ఏం ఆడినా దాదాపు అదే అమరికకు రావచ్చు. ఆలోచించే భారం అవతలివాడిది. ఈ ధైర్యం ఒక్కోసారి హద్దు దాటేది కూడా: 2005లో భారత గ్రాండ్‌మాస్టర్ శశికిరణ్ మీద, గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటలోనే రెండో ఎత్తుకు క్వీన్‌ను హెచ్5కి తెచ్చి, ఓడిపోయాడు.

ఇక ప్రీమూవ్, అంటే ఎదుటివాడు ఆడకముందే మన తర్వాతి ఎత్తును పెట్టి ఉంచడం. చెస్.కామ్ అనే ఆన్‌లైన్ సైట్‌లో వరసగా ఎన్నయినా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి 0.1 సెకను పోతుంది. లిచెస్ అనే మరో సైట్‌లో ఒక్కటే. తప్పనిసరిగా తిరిగి చంపాల్సిన చోట, ఎదుట ఒంటరి రాజు మిగిలినచోట ప్రీమూవ్ క్షేమం. మిగతా చోట్ల ప్రమాదమే. తెల్లవారు డి4 ఆడారు, నల్లవారు జి6 ఆడి బిషప్ జి7ను ప్రీమూవ్‌గా పెట్టారు అనుకోండి. తెల్ల బిషప్ హెచ్6లోకి దూకుతుంది. నిజానికి దాన్ని ఉచితంగా చంపేయొచ్చు, కానీ ప్రీమూవ్ ఆగదు కదా! నల్ల బిషప్ జి7కి వెళ్తుంది, అక్కడే చస్తుంది, వెనకున్న రూక్ కూడా పోతుంది. నల్లవారు రెండో ఎత్తును కళ్లారా చూసి ఆడితే ఒక్క సెకను పోయేది, అంతే.

చివరి సెకన్లలో ఒక నియమం మరవకూడదు. ఎదుటివాడి సమయం అయిపోయినా, మీ దగ్గర రాజు ఒక్కటే ఉంటే ఆట డ్రా. కాబట్టి ఒక్క బంటునైనా కాపాడుకోవాలి. బంటు చివరి గడికి చేరితే దానంతటదే క్వీన్ అయ్యే సెట్టింగ్ ముందే పెట్టుకోవాలి, లేకపోతే ఏ పావు కావాలో ఎంచుకోవడానికే సమయం కరుగుతుంది.

1987లో జపాన్‌లో పుట్టి, రెండేళ్లకే అమెరికా చేరిన నకమురా 2003లో, 15 ఏళ్లకు గ్రాండ్‌మాస్టర్ (చదరంగంలో అత్యున్నత బిరుదు) అయి, మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ పేరిట ఉన్న అమెరికా రికార్డును దాటాడు. ఇంటర్నెట్ చెస్ క్లబ్ అనే ఆన్‌లైన్ సైట్‌లో రాటుదేలాడు. 2008లో మూడు నిమిషాల ఆటలో రిబ్కా అనే ఇంజన్‌ను (చదరంగమాడే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను) 271 ఎత్తుల్లో ఓడించాడు. బంట్లన్నీ బిగుసుకునేలా చేసి, అటూ ఇటూ పావులు కదుపుతూ కూర్చున్నాడు. చంపడం గానీ బంటు కదలడం గానీ లేకుండా ఇరువైపులా 50 ఎత్తులు గడిస్తే డ్రా. తనదే పైచేయి అనుకున్న ఇంజన్ ఆ డ్రాను తప్పించుకోబోయి తన రక్షణను తానే తెరుచుకుంది. గెలుపు ఖాయమయ్యాక క్వీన్లు తెచ్చుకోకుండా బంట్లను వరసగా బిషప్‌లుగా మార్చడం మాత్రం ఉత్త కొంటెతనం.

2018 నుంచి 2022 వరకు స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్ అనే ఆన్‌లైన్ పోటీని వరసగా ఐదుసార్లు గెలిచాడు. 2022 ఫైనల్లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్‌పై 14.5-13.5. ఆ ఏడాది పోటీలో 90 నిమిషాలు 5+1 (ఒక్కొక్కరికి 5 నిమిషాలు, ఎత్తుకు 1 సెకను అదనం), 60 నిమిషాలు 3+1, 30 నిమిషాలు 1+1 ఆడారు. గమనించండి, నిర్ణయించింది వ్యవధినే, ఆటల సంఖ్యను కాదు. వెనకబడినవాడికి ఇంకొన్ని ఆటలు కావాలి, అందుకని తొందరపడతాడు. ముందున్నవాడు ఓడే ఆటను కూడా వెంటనే వదలకుండా సాగదీస్తే నిమిషాలు తరిగిపోతాయి.