వెనక అట్ట మీద ఒక్క ముక్క

నమస్కారం అండీ. ముందు ఈ పుస్తకం వెనక అట్ట చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. ధర పక్కన చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది: ఇండియాలో, చుట్టుపక్కల దేశాల్లో మాత్రమే అమ్మాలని. ఇంజినీరింగ్ చదివినవాళ్ల ఇళ్లలో ఇలాంటివి రెండు మూడైనా ఉంటాయి. మా అన్నయ్య ఎం.ఎస్.కి అమెరికా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఒక పక్క అమ్మ పెట్టిన పచ్చళ్లు, ఇంకో పక్క ఈ పుస్తకాలు. తూకం 23 కిలోలు దాటింది. ఏది తీయాలా అని రాత్రంతా టెన్షన్. చివరికి గోంగూర సీసానే బయటికొచ్చింది. ఇక్కడ ఐదారు వందలకి కొన్న పుస్తకం అక్కడ వంద డాలర్ల పైమాటే మరి.

ఒకే పుస్తకానికి రెండు ధరలు ఎలా నిలబడ్డాయి? ప్రచురణ హక్కుల్ని దేశాలవారీగా అమ్ముకుంటారు కాబట్టి. ఇండియా హక్కులు ఒకరివి, అమెరికా హక్కులు ఇంకొకరివి. ఒకరి సరుకు ఇంకొకరి హద్దులోకి రాకూడదు. పెంగ్విన్ ప్రచురణ సంస్థ వేసిన కేసులో 1984లో ఢిల్లీ హైకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇక్కడి హక్కులు ఒకరి చేతిలో ఉండగా, అమెరికాలో అచ్చయిన అవే పుస్తకాల్ని ఇంకొకరు తెచ్చి అమ్మితే అది కాపీరైట్ ఉల్లంఘనే అంది.

2010లో కాపీరైట్ చట్ట సవరణ బిల్లు వచ్చినప్పుడు, అందులో దొంగ ప్రతి అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(ఎం) కింద ఒక్క వాక్యం కొత్తగా చేర్చారు. బయటి దేశంలో రచయిత అనుమతితో అచ్చయిన ప్రతిని అక్కడి నుంచి తెచ్చుకుంటే, అది దొంగ ప్రతి కాదు అని. వినడానికి మామూలుగానే ఉంది కదా. పుస్తక ప్రపంచం మాత్రం ఆ వాక్యానికి భగ్గుమంది.

కోపం ఎందుకో చెప్తాను. కిలోల లెక్కన పుస్తకాలమ్మే ఎగ్జిబిషన్లకి మీరూ వెళ్లే ఉంటారు. అక్కడ ఒక ఇంగ్లిష్ నవల తీసి, కాగితాల కింది అంచు చూడండి. కొన్నిటి మీద నల్ల మార్కర్ గీత కనిపిస్తుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో అమ్ముడుపోక మిగిలిపోయి, వచ్చిన రేటుకి వదిలించుకున్న పుస్తకం అన్నమాట. తిరిగి పబ్లిషర్‌కి వాపసు పంపకుండా ఆ గీత గీస్తారు. అలాంటి అమ్మకం మీద రచయితకి చేతికొచ్చేది చాలాసార్లు సున్నా, లేదా నామమాత్రం. అదే పుస్తకం ఇక్కడ అచ్చయి 400 రూపాయలకి అమ్మితే, పది శాతం రాయల్టీ అనుకుందాం, కాపీకి 40 రూపాయలు వస్తాయి. ఆ వాక్యం వల్ల రెండూ ఒకే షాపులో పక్కపక్కన చేరితే కొనేవాళ్లు ఏది కొంటారు? ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని రాసి, బయటి దేశాల్లో కూడా అచ్చయిన రచయితకి, తన పుస్తకమే తనకి పోటీగా తిరిగొస్తుంది. ఈ భయాన్ని నేను చిన్నది చేసి మాట్లాడలేను. హ్యాచెట్ ఇండియా ప్రచురణ సంస్థకి అప్పటి అధిపతి థామస్ అబ్రహాం పత్రికల్లో గట్టిగా రాశారు. ప్రచురణకర్తల సంఘాలు ప్రభుత్వం దగ్గరికి వెళ్లాయి.

అవతలి పక్షమూ ఊరికే మాట్లాడలేదు. న్యాయ పండితుడు షమ్నాద్ బషీర్ లాంటివాళ్లు చదువుకునే పిల్లల తరఫున నిలబడ్డారు. బిల్లుని పరిశీలించిన పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఆ వాక్యాన్ని సమర్థించింది. వాళ్లు పట్టుకున్న పాయింట్ నాకు మనసులో గుచ్చుకుంటుంది: చవక ధరకి ఇక్కడ దొరికేవి చాలావరకు పాత ఎడిషన్లే అన్నారు. కోఠీలో పుస్తకాల కోసం తిరిగినవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

2012 మేలో బిల్లు రెండు సభల్లోనూ గట్టెక్కింది. ఆ వాక్యం మాత్రం అందులో లేదు. రచయితలు, ప్రచురణకర్తలు ఊపిరి పీల్చుకున్నారు.

మరుసటి ఏడే అమెరికాలో అటువైపు గోడ కూలింది. సుపప్ కిర్ట్‌సాంగ్ అని థాయ్‌లాండ్ విద్యార్థి. ఊళ్లో బంధువులు కొని పంపిన చవక టెక్స్ట్ బుక్కుల్ని అమెరికాలో ఈబే అనే ఆన్‌లైన్ సైట్‌లో అమ్మాడు. వాటి ప్రచురణకర్త వైలీ సంస్థ కేసు వేస్తే కింది కోర్టులో 6 లక్షల డాలర్లు కట్టమన్నారు. అమెరికా సుప్రీంకోర్టు 2013 మార్చిలో, ఆరుగురు జడ్జిలు ఒక వైపు, ముగ్గురు ఇంకో వైపు, అతని పక్షాన తీర్పు చెప్పింది. న్యాయంగా కొన్న పుస్తకం ఏ దేశంలో అచ్చయినా తిరిగి అమ్ముకోవచ్చని. మా అన్నయ్య సూట్‌కేసు గుర్తొచ్చింది నాకు. చవక పుస్తకాలన్నీ అటు పోతే, ఇక్కడ చవకగా వేయడం ఏ పబ్లిషర్‌కి గిట్టుబాటవుతుంది?

హద్దులు పోతే రచయితకీ, చవక పుస్తకానికీ దెబ్బే. అందుకే 2012లో ఆ వాక్యం తీసేయడం సరైనదే అంటాను. కానీ పని సగంలోనే ఆగిపోయింది. ఆస్ట్రేలియా వాళ్లు 1991లోనే ఒక షరతు పెట్టారు. బయట విడుదలైన కొత్త పుస్తకాన్ని 30 రోజుల్లోగా మా దేశంలో తెస్తేనే నీకు రక్షణ, లేకపోతే షాపులవాళ్లు ఎక్కడి నుంచైనా తెప్పించుకోవచ్చు. హద్దు కావాలంటే సరుకు వేళకి తెచ్చిపెట్టు అని. మన చట్టంలో ఇలాంటి గడువు ఉండాలి. రచయిత కూలి దక్కాలి, పిల్లలకి కొత్త ఎడిషన్ అందాలి, రెండూ కావాలి.

మొన్న కోఠీలో నేనెప్పుడూ వెళ్లే షాపుకి ఒకమ్మాయి వచ్చింది. ఫోన్‌లో సిలబస్ చూపించి కొత్త ఎడిషన్ అడిగింది. షాపాయన నిచ్చెనెక్కి పైనుంచి దుమ్ము దులిపి ఒకటి దించాడు. "ఇది పాతదమ్మా, కొత్తది ఇంకా రాలేదు" అన్నాడు. ఆ అమ్మాయి రెండింటికీ అధ్యాయాలు సరిపోతాయో లేదో ఫోన్‌లో ఒక్కొక్కటే పోల్చుకుంటూ అక్కడే నిలబడిపోయింది.