చేబదులు సరిపోని అప్పు: శ్రీలంక, ఐఎంఎఫ్

సమర్పకురాలు: శ్రీలంకకు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) నాలుగేళ్లలో ఇస్తానన్నది సుమారు 300 కోట్ల డాలర్లు. ఒక్క విదేశీ బాండ్ల బాకీయే 1,250 కోట్లు. ఏ మూలకి సరిపోతుందండీ?

అతిథి: సరిపోదండీ. అందుకే ముందు తేల్చాల్సింది ఒకటి: ఇది చేబదులుతో తీరే కష్టమా, బాకీనే తగ్గించాల్సిన కష్టమా? 1991లో పి.వి. ప్రభుత్వం ముందున్నది మొదటి రకం. డాలర్లు కరువయ్యాయే గానీ అప్పు తీర్చలేని స్థితి కాదు. శ్రీలంకది రెండో రకం. ఆ సంగతి ఆలస్యంగా ఒప్పుకున్నారు. 2022 జనవరిలో 50 కోట్ల డాలర్ల బాండు తీర్చేశారు, ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. ఆ 50 కోట్లు మందులకీ, డీజిల్‌కీ ఉండాల్సినవి!

సమర్పకురాలు: 2022 సెప్టెంబర్‌లోనే ఐఎంఎఫ్ అధికారులతో ప్రాథమిక (సిబ్బంది స్థాయి) ఒప్పందం కుదిరింది కదా, మొదటి విడతకి 2023 మార్చి దాకా ఎందుకు పట్టింది?

అతిథి: తీర్చగలదన్న నమ్మకం కుదరని దేశానికి అప్పివ్వడానికి ఐఎంఎఫ్ నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి అప్పిచ్చిన దేశాలు ముందుగా ‘మా బాకీ సడలిస్తాం’ అని హామీ పత్రం ఇవ్వాలి. జనవరిలో భారత్ మొదటగా ఇచ్చింది, చైనా నుంచి మార్చిలో వచ్చింది. ఆ నెల 20న ఐఎంఎఫ్ బోర్డు ఆమోదించాక సుమారు 33 కోట్ల డాలర్లు విడుదలయ్యాయి. జాప్యం బాధాకరమే, కానీ వరస సరైనది. గ్రీసులో ఆ వరస తిరగేశారు. 2010లో 11,000 కోట్ల యూరోల ప్యాకేజీ, బాండ్ల బాకీలో కోత మాత్రం 2012లో. ఈలోగా గడువు తీరిన బాండ్లవాళ్లు పూర్తి సొమ్ము పట్టుకెళ్లారు, భారం గ్రీసు జనం మీద మిగిలింది.

సమర్పకురాలు: మరి ఇంట్లో సర్దుకోవాల్సినవి?

అతిథి: పన్నులు. 2019 చివర్లో వ్యాట్‌ని 15 నుంచి 8 శాతానికి దించారు, ఖజానాకి చిల్లు పడింది. మళ్లీ ఎక్కిస్తూ 2024 జనవరికి 18 చేశారు. వడ్డీలు పక్కనపెట్టి చూస్తే 2025కల్లా జీడీపీలో 2.3 శాతం మిగులు చూపాలన్నది షరతు. ప్రభుత్వానికి కేంద్ర బ్యాంకు నోట్లు అచ్చేసి ఇవ్వకుండా 2023లో చట్టం తెచ్చారు. నా దృష్టిలో పెద్ద తప్పు వేరే చోట ఉంది. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, ఆర్నెల్లకి మరో 66 శాతం పెంచారు. పేదలకి నగదిచ్చే ‘అస్వెసుమ’ మొదలైంది 2023 మధ్యలో. ఏడాదిపాటు ఆ ఇళ్లు ఎలా నెట్టుకొచ్చాయో ఆలోచించండి. ఆ డబ్బు మొదటి బిల్లుకన్నా ముందే చేరాలి.

సమర్పకురాలు: 2024 డిసెంబర్‌లో పాత బాండ్లకి బదులు కొత్తవి ఇచ్చే మార్పిడీ అయింది. ఇంక గట్టెక్కినట్టేనా?

అతిథి: లేదండీ. కొత్త బాండ్లలో కొన్నిటిని జీడీపీకి ముడిపెట్టారు. ఆర్థిక వ్యవస్థ అంచనాని మించితే 2028 నుంచి ఎక్కువ కట్టాలి. ఆలోపు ఎగుమతులతో, పర్యాటకంతో డాలర్లు కూడబెట్టుకోవాలి.