కాయలు లేకుండా ఈనెలు తీయడం

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో చాలా హైస్కూళ్ళలో పిల్లలకు డ్రామా కూడా ఒక క్లాసు. లెక్కల్లాగే దానికీ మార్కులుంటాయి. ఆ క్లాసుల్లో తరతరాలుగా చదువుతున్న, ఆడుతున్న నాటకం ఒకటుంది. పేరు 'అవర్ టౌన్', రాసినవారు థార్న్‌టన్ వైల్డర్. 1938లో మొదటిసారి ఆడారు, ఆ ఏడే పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. ఆధునిక నాటకం గురించి చెప్పమన్నారు కాబట్టి నార్వే నాటకకర్త ఇబ్సెన్ నుంచి మొదలుపెట్టి అందరి పేర్లూ చదవొచ్చు. కానీ రేడియోలో పేర్ల జాబితా వింటే మీకు నిద్రొస్తుంది. అందుకని ఈ ఒక్క నాటకం, అందులోనూ ఒక్క సన్నివేశం.

ఈ నాటకానికి తెర లేదు. సీనరీ లేదు. ప్రేక్షకులు వచ్చి కూర్చునేసరికి మసక వెలుతురులో ఖాళీ స్టేజి కనిపిస్తుంది. టోపీ పెట్టుకుని, పైపు పట్టుకుని ఒకాయన వస్తాడు. బల్లలూ కుర్చీలూ తానే సర్దుతాడు. నాటకం పేరు, రాసినవారి పేరు చెబుతాడు. ఊరు గ్రోవర్స్ కార్నర్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, 1901 మే 7, తెల్లవారుతోంది, ఇది డాక్టరు గారి ఇల్లు, అది పత్రిక ఎడిటరు గారి ఇల్లు అంటాడు. ఆయన పాత్ర పేరే స్టేజ్ మేనేజర్.

'మన సూత్రధారుడేగా!' అంటున్నారు కదూ? నాకూ అలాగే అనిపించింది. వీధి భాగవతం చూసినవాళ్ళకు ఇదేమీ వింత కాదు. అలాగని మన దగ్గరనుంచి తీసుకున్నాడని నేననను. వైల్డర్ తండ్రి హాంకాంగ్‌లో, షాంఘైలో అమెరికా కాన్సల్‌గా పనిచేశారు. చైనా నాటకంలో నటుడు కర్రనెక్కితే గుర్రమెక్కినట్టే అన్న సంగతిని వైల్డర్ ఒక వ్యాసంలో ప్రత్యేకంగా చెప్పారు కూడా. సీనరీ లేకపోతే ఉండలేమనుకునే వాళ్ళ కోసం అంటూ స్టేజ్ మేనేజర్ చేత తీగలు పాకే పందిరి చట్రాలు రెండు తెప్పిస్తారు. ఆ చురక నాకు భలే ఇష్టం.

ఇప్పుడు సన్నివేశం. డాక్టరు గారి భార్య మిసెస్ గిబ్స్, ఎడిటరు గారి భార్య మిసెస్ వెబ్. ఇద్దరూ ఇరుగుపొరుగు. పొద్దున్నే పిల్లల్ని బడికి పంపించి, పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటారు. కాయలుండవు. గిన్నె ఉండదు. రెండు జతల చేతులు మాత్రం ఆడుతుంటాయి.

మాటల్లో మిసెస్ గిబ్స్ ఒక రహస్యం బయటపెడుతుంది. బోస్టన్ నుంచి పాత సామాన్లు కొనేవాడొకడు వచ్చాడట. వాళ్ళ అమ్మమ్మ కాలంనాటి సొరుగుల బీరువాకి 350 డాలర్లిస్తానన్నాడట. ఆ డబ్బుతో ఏం చేయాలనుంది? పారిస్ చూడాలి. చచ్చిపోయేలోగా ఒక్కసారైనా, ఇంగ్లీషు మాట్లాడని, మాట్లాడాలని కూడా అనుకోని దేశం ఒకటి చూడాలి. ఆయనేమో వద్దంటాడు. యూరప్ చూసొస్తే సొంత ఊరు ఆనదని ఆయన భయం. రెండేళ్ళకోసారి వెళ్ళి, అమెరికా అంతర్యుద్ధం జరిగిన మైదానాలు చూసొస్తే ఆయనకది చాలు. మిసెస్ వెబ్ సలహా ఇస్తుంది: అప్పుడప్పుడూ మాట వేస్తూ ఉండు, నేను సముద్రం చూసింది అలాగే!

కథ ఇంతే. ఇక్కడ డ్రామా టీచరు పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మిసెస్ గిబ్స్ చేతులు ఎక్కడ ఆగాలి?

బీరువా అన్నప్పుడా? 350 అన్నప్పుడా? పారిస్ అన్నప్పుడా? అసలు ఆగకూడదా? ఒక అమ్మాయి పారిస్ అనగానే చేతులు ఆపేసి దూరంగా చూస్తుంది. మనకు ఆశ కనిపిస్తుంది. ఇంకో అమ్మాయి ఆ మాట దగ్గర తల దించుకుని ఈనెలు ఇంకా జోరుగా తీస్తుంది. అప్పుడు ఆశతోపాటు సిగ్గూ కనిపిస్తుంది. మాటలు అవే. నాకు రెండో అమ్మాయే నచ్చుతుంది. మీకు మొదటి అమ్మాయి నచ్చితే పోట్లాడను. చేతులు ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే దర్శకత్వం. చేతిలో నిజం కాయలుంటే ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు, కాయ మీదే ధ్యాసంతా పోతుంది.

ఆ 350 డాలర్లు ఏమయ్యాయో చెప్పాలి కదా. మూడో అంకం శ్మశానంలో. వరసగా వేసిన మామూలు కుర్చీలే సమాధులు, చనిపోయినవాళ్ళు వాటిమీద కదలకుండా కూర్చుంటారు. మిసెస్ గిబ్స్ అప్పటికే అక్కడుంది. ఆమె కోడలు, మిసెస్ వెబ్ కూతురు ఎమిలీ కాన్పులో పోయి అక్కడికొస్తుంది. అత్తగారి పక్కన కూర్చుని చెబుతుంది: మీరు మాకిచ్చిపోయిన డబ్బుతో పొలంలో పశువులకి నీళ్ళ తొట్టి కట్టించామని. అత్తగారికి గుర్తే రాదు. 350 డాలర్ల పైనేనని కోడలు గుర్తుచేస్తే, అవునవును ఎమిలీ, అంటుంది. పారిస్ మాట ఎవరూ ఎత్తరు. మొదటి అంకంలో ఆ చేతుల్ని సరిగ్గా చూసిన ప్రేక్షకుడికి మాత్రం తొట్టి అనగానే పారిస్ గుర్తొస్తుంది.

రచయిత సీనరీ వద్దన్నాడని అందరూ విన్నారా అంటే, లేదు. 2009లో న్యూయార్క్‌లో డేవిడ్ క్రోమర్ అనే దర్శకుడు నాటకమంతా ఖాళీగా నడిపించి, చివర్లో చనిపోయిన ఎమిలీ తన పన్నెండో పుట్టినరోజుని మళ్ళీ చూడ్డానికి వెనక్కి వెళ్ళే చోట ఒక్కసారి తెర లాగించాడు. వెనక నిజమైన వంటిల్లు. పొయ్యిమీద మాంసం వేగే వాసన ప్రేక్షకుల దాకా వచ్చింది. రచయిత మాట దాటొచ్చా అని క్లాసులో వాదించుకోవడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు. అంతసేపు ఏమీ చూపించకుండా ఉన్నాడు కాబట్టి దాటే హక్కు సంపాదించుకున్నాడని నేనంటాను.

నేను సీనరీకి శత్రువునేం కాదు. సురభి వారి నాటకాల్లో మాయలు చూసి నోరు తెరిచినవాణ్ణే. 1885లో మొదలైన ఆ కుటుంబాల విద్య వేరు, దాని వెనక తరాల సాధన ఉంది. మన బళ్ళ వార్షికోత్సవాల్లో జరుగుతున్నది అది కాదు. ఈమధ్య ఒకచోట వెనక పెద్ద ఎల్‌ఈడీ తెరమీద రాజమహల్ మెరిసిపోతోంది, ముందు రాజుగారు చీకట్లో మైకు కోసం వెతుక్కుంటున్నారు. రిహార్సల్ ఎన్నాళ్ళు చేశారని అడిగితే నవ్వారు.

వింటున్నవాళ్ళలో టీచర్లుంటే ఒక్క పని చేసి చూడండి. ఒక పీరియడ్ చాలు. పావుకిలో చిక్కుడుకాయలు తెప్పించండి. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి నిజంగానే ఈనెలు తీయించండి. మగపిల్లలైనా సరే, వాళ్ళచేతా తీయించాలి. గిన్నె ఎక్కడుంది, ఈనె ఎటువైపు లాగుతున్నారు, తీసిన ఈనె ఎక్కడ పడేస్తున్నారు, మిగతా క్లాసంతా చూడాలి. తర్వాత కాయలు, గిన్నె తీసేయండి. అదే పని మళ్ళీ చేయమనండి. గిన్నె ఇందాకటి చోటే ఉండాలి. ఎవరైనా లేచి దానిమీదుగా నడిస్తే క్లాసంతా ఆపి, గిన్నె తన్నావురా అనాలి. చేతులు కుదిరాక వాటికి మాటలు జోడించండి. ఇంట్లో ఎవరికీ చెప్పని కోరిక ఒకటి పక్కవాడికి చెప్పమనండి. కోరిక కల్పించుకున్నదైనా ఫర్వాలేదు. చేతులు ఎక్కడ ఆగాయో చూసినవాళ్ళు చెప్పాలి.

మొదట్లో అంతా నవ్వులే ఉంటాయి, నవ్వనివ్వండి. కాయలు మాత్రం మధ్యాహ్న భోజనం వండేవాళ్ళకి ఇచ్చేయండి, ఈనెలు తీసే పని తప్పిందని సంతోషిస్తారు.

సెలవు. నమస్కారం.