డబ్బా మీద ‘ఆల్మోస్ట్ రెడీ’ అని ఉంది, మరి మిగిలిన పని ఎవరు చేయాలి? | ఆర్‌సీ ట్రైనర్ విమానం రివ్యూ

నమస్తే అందరికీ, నల్గొండ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చాను. ఈ ఆర్‌సీ ట్రైనర్, అంటే రిమోట్‌తో ఎగరేయడం నేర్చుకునే బొమ్మ విమానం, ఇంటికి వచ్చిన రోజు మా ఇంట్లో అందరూ ఒకటే అడిగారు, “ఇంకా ఎగరేయలేదా?” అని. డబ్బా మీద ‘ఆల్మోస్ట్ రెడీ టు ఫ్లై’ అని పెద్ద అక్షరాలతో ఉంది మరి! ఆ ‘ఆల్మోస్ట్’ అన్న ఒక్క మాటకి నాకు రెండు సాయంత్రాలు, ఒక రెక్క ఖర్చయ్యాయి. ఈరోజు వీడియో దాని గురించే. కంపెనీ పేరు చెప్పను. ఈ సైజులో వచ్చేవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ముందు డబ్బా మీది పొట్టి పేర్లు తేల్చేద్దాం. ఆర్‌టీఎఫ్ (రెడీ టు ఫ్లై) అంటే రేడియో (చేతిలో పట్టుకునే రిమోట్), బ్యాటరీ, చార్జర్ అన్నీ అందులోనే వస్తాయి. బీఎన్‌ఎఫ్ (బైండ్ అండ్ ఫ్లై)లో విమానం లోపల రేడియో సిగ్నల్ అందుకునే రిసీవర్ ఉంటుంది, రేడియో మనది. పీఎన్‌పీ (ప్లగ్ అండ్ ప్లే)లో మోటారు, దాని వేగం నడిపే ఈఎస్‌సీ, రెక్క, తోక పలకల్ని కదిలించే చిన్న మోటార్లు అంటే సర్వోలు బిగించి ఇస్తారు, రిసీవర్, రేడియో, బ్యాటరీ మనం తెచ్చుకోవాలి. ఏఆర్‌ఎఫ్ (ఆల్మోస్ట్ రెడీ టు ఫ్లై) అంటే మామూలుగా బాల్సా అనే తేలిక చెక్క బాడీ, పైన ఫిల్మ్ అతికించి వస్తుంది, చాలావాటిలో మోటారు కూడా మనమే కొనాలి. అమ్మేవాళ్ళు ఈ పేర్లన్నీ కలిపి కొట్టేస్తారు. అందుకని పేరు వదిలేసి, లోపల ఏమేం వస్తాయో ఆ లిస్టు చదవండి. నాకు ‘ఆల్మోస్ట్ రెడీ’ అని వచ్చింది నిజానికి పీఎన్‌పీ. రేడియో, రిసీవర్, రెండు బ్యాటరీలు, ఒక మంచి బ్యాలెన్స్ చార్జర్ (బ్యాటరీలోని సెల్లులన్నీ సమంగా నింపేది) కలిపేసరికి ఇంకో విమానం కొన్నంత పనైంది.

మొదటిసారి కొనేవాళ్ళు బాల్సా జోలికి పోకండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పడితే మాత్రం పుల్లలు ఏరుకోవాలి. మొదటి విమానం పడకుండా ఉండదు. ఇది ఈపీఓ అనే తేలికైన ఫోమ్. సొట్ట పడ్డ చోట వేడి నీళ్ళు పోస్తే చాలావరకు ఉబ్బి పైకొస్తుంది, విరిగితే గమ్ముతో అతుక్కుంటుంది. రెక్క బాడీకి పైన ఉండాలి, రెండు కొసలూ కొంచెం పైకి లేచి ఉండాలి. ఇదిగో, ఎదురుగా పట్టుకుంటే కనిపిస్తుంది చూడండి. ఆ వంపు వల్ల ఒక పక్కకి ఒరిగినా తనంతట తానే సర్దుకుంటుంది. జెట్ ఫైటర్లు, వార్ బర్డ్స్ (పాత యుద్ధ విమానాల మోడళ్ళు) తర్వాత చూసుకుందాం తమ్ముళ్ళూ, అవి ఎక్కడికీ పోవు.

ఇక బిగింపు. మొదటి పని ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టడం. టేబుల్ మీద సెట్టింగ్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఉండనే కూడదు. పొరపాటున థ్రాటిల్ (మోటారు వేగం పెంచే స్టిక్) లేచిందంటే వేళ్ళు తెగుతాయి.

నేను వాడే రేడియో ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6. ఇందులో ఒకటో ఛానల్ ఏలిరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలకలు), రెండు ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక), మూడు థ్రాటిల్, నాలుగు రడ్డర్ (తోక మీది నిలువు పలక). ఎప్పుడైనా ముందు రేడియో ఆన్ చేయాలి, తర్వాతే విమానానికి బ్యాటరీ. ఆపేటప్పుడు ముందు విమానం, ఆ తర్వాత రేడియో. ట్రిమ్‌లన్నీ (స్టిక్‌ల పక్కనుండే చిన్న సర్దుబాటు మీటలు) సున్నా మీద పెట్టి, సర్వో ఆర్మ్ (సర్వో మీద తిరిగే చిన్న చెయ్యి) నిటారుగా ఉందో లేదో చూడండి. నా దాంట్లో ఎడమ ఏలిరాన్ ఆర్మ్ ఒక పన్ను పక్కకి బిగించి వచ్చింది. స్క్రూ తీసి మళ్ళీ పెట్టాను.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తా, ఇది బాగా చూడండి. విమానం తోక మన వైపు ఉంది. స్టిక్ కుడికి తోశాను. కుడి ఏలిరాన్ పైకి లేచింది, ఎడమది కిందికి దిగింది. ఇది కరెక్టు. ఎలివేటర్ స్టిక్ నా వైపు లాగితే తోక మీది పలక పైకి లేవాలి. ‘కదులుతోంది కదా’ అని వదిలేయొద్దు, ఏ వైపు కదులుతోందో చూడాలి. ఏలిరాన్ తిరగబడి ఉంటే, దాన్ని నిలబెడదామని మీరు చేసే ప్రతి ప్రయత్నమూ దాన్ని ఇంకా పడదోస్తుంది.

ఇక రెక్క పోయిన కథ. మాన్యువల్‌లో 3ఎస్ (మూడు సెల్లుల) 2200 ఎంఏహెచ్ బ్యాటరీ అని రాసి ఉంది, ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క. నా దగ్గర పాత 1300 ఉంది. తేలిక కదా, ఇంకా బాగా ఎగురుతుంది అనుకున్నాను. తిప్పర్తి వైపు మా బామ్మర్ది చెలకలో, పొద్దున ఆరున్నరకు, ఆకు కూడా కదలని టైములో చేత్తో విసిరాం. వదలగానే ముక్కు ఆకాశం వైపు లేచింది. ఎలివేటర్ ఎంత కిందికి కొట్టినా దిగలేదు. వేగం చచ్చిపోయి, ఎడమ రెక్క వాలి, పక్కనున్న బత్తాయి తోటలో పడింది. తీసి చూస్తే బ్యాటరీ నాలుగు వేళ్ళు వెనక్కి జరిగి ఉంది. వెల్క్రో జిగురు ఊడిపోయింది. ముక్కులో ఉండాల్సిన బరువు అసలే తక్కువ, ఉన్నదీ వెనక్కి పోయింది. అంటే తోక బరువైపోయింది.

దీనికి చేయాల్సింది ఇంతే. నా మాన్యువల్ ప్రకారం బరువు కేంద్రం రెక్క ముందు అంచు నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ముందు అంచు నుంచి వెనక అంచు దాకా రెక్క వెడల్పు 200 మిల్లీమీటర్లు. ట్రైనర్లకు ఎక్కువగా పావు వంతు నుంచి మూడో వంతు లోపే ఉంటుంది. రెక్క కింద రెండు వైపులా స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టాను. బ్యాటరీ లోపల పెట్టి, మూత వేసి, ఆ చుక్కల కింద రెండు వేళ్ళతో ఇలా లేపాలి. ముక్కు ఒక్క పిసరు కిందికి వాలితే మంచిది. తోక వాలిందా, బ్యాటరీ ముందుకు జరపండి. సరిపోయిన చోట బ్యాటరీ ట్రేలో గీత గీసి, వెల్క్రోతో పాటు పట్టీ కూడా బిగించండి. ఈ పట్టీ డబ్బాలో రాలేదు, రావాల్సింది.

బ్యాటరీ గురించి ఒక్క మాట. 2200కి 2.2 ఆంపియర్ల మీద చార్జ్ పెడతాను, ఎగరేసేటప్పుడు రేడియో టైమరు ఆరు నిమిషాలు. వారం రోజులు వాడకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచుతాను. మన ఎండల్లో కారులో అస్సలు వదలకండి. బ్యాటరీ ఉబ్బుతుంది, ఫోమ్ మీద పొక్కులు లేస్తాయి.

ఎక్కడ ఎగరేయాలి? మన దగ్గర చెలకలకు కొదవ లేదు. కాకపోతే ప్రతి బోరు మోటారుకీ ఒక కరెంటు లైను ఉంటుంది. కింద నుంచి చూస్తే తీగ ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు, కాబట్టి స్తంభాలు వెనక పడేలా నిలబడండి. ఆషాఢం గాలులకు ఈ సైజు విమానం బయటికి తీయొద్దు. 2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల నుంచి 2 కిలోల వరకు మైక్రో తరగతి, సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూడండి. గ్రీన్ జోన్ (ముందస్తు పర్మిషన్ అక్కర్లేని చోటు) అయితే 400 అడుగుల ఎత్తు వరకే.

కొనొచ్చా అంటే, నా మాట కొనొచ్చనే. రెక్క అతికించి, 2200 పెట్టాక, సగం థ్రాటిల్ మీద చేతులు వదిలేసినా నిదానంగా పోతోంది. ముందు చక్రం మాత్రం మన నేలకి పనికిరాదు. పెళ్ళలకు తగిలి రెండోసారికే వంగింది. తీసేసి గడ్డి మీద పొట్టతో దింపుతున్నాను.

మొన్న ఇలాగే దింపితే, పక్క చేనులో పత్తి ఏరుతున్న పెద్దాయన వచ్చి చేత్తో పట్టుకుని చూశాడు. “బిడ్డా, ఇది మందు కొడ్తదా?”

“లేదు తాతా, ఊరికే ఎగురుతది.”

“ఊరికేనా!” అని నవ్వి, “ఏదీ, ఇంకోసారి ఎగరెయ్” అన్నాడు. రెండో బ్యాటరీ పెట్టాను.