జువైనల్ హోమ్‌లో బిడ్డ, దాచిన మత్తు అలవాటు: వైద్యునితో ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. కేసుల్లో చిక్కుకుని పరిశీలన గృహాల్లో, అంటే వాడుకలో జువైనల్ హోమ్‌లలో, ఉంటున్న పిల్లల మానసిక ఆరోగ్యం గురించి, మత్తు అలవాట్ల గురించి ఈ రోజు మానసిక వైద్యులు సమాధానాలు చెబుతారు. మొదటి ఫోన్ గుంటూరు నుంచి. బిడ్డ పేరు మాత్రం చెప్పవద్దమ్మా, గుర్తుపట్టే వివరాలేవీ ప్రసారం కాకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది.

తల్లి: నమస్కారమండీ డాక్టరు గారూ. మా అబ్బాయికి 16 ఏళ్లు. బండి దొంగతనం కేసులో హోమ్‌కు పంపి 6 రోజులైంది. అన్నం ముట్టడం లేదని, రాత్రంతా నిద్రపోడని, అందరి మీదా ఎగబడుతున్నాడని, పొగరెక్కువని అక్కడివారు చెప్పారు. వాడు ఏడాదిగా రోజూ గంజాయి తాగుతున్నాడండీ. ఆ సంగతి బయటపెడితే కేసు ముదురుతుందని మా ఆయన నన్ను నోరెత్తనివ్వలేదు.

డాక్టర్: అమ్మా, మీరు దాచిన ఆ మాటే అక్కడి వైద్యుడికి అన్నిటికన్నా ముందు తెలియాలి. రోజూ గంజాయి తాగే పిల్లవాడికి అది ఒక్కసారిగా దొరకకుండా పోతే, ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, కోపం, నిద్రలేమి, పీడకలలు మొదలవుతాయి, ఆకలి చచ్చిపోతుంది. ఇవి మొదటి వారంలో బాగా ముదిరి, ఆ తర్వాత రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడతాయి. మీ అబ్బాయి సరిగ్గా ఆ మొదటి వారంలోనే ఉన్నాడు. సంగతి తెలియనివారికి అది పొగరుగానే కనిపిస్తుంది. అలాగని నేను ఫోనులోనే తేల్చి చెప్పలేను, ఎందుకంటే ఇల్లు విడిచిన దిగులు, కేసు భయం కూడా ఇలాగే బయటపడతాయి, కొందరికి గంజాయి వల్ల లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు కూడా వస్తాయి. మానసిక వైద్యుడు చూడవలసిందే.

పిల్లల కేసులు విచారించే బాలల న్యాయ బోర్డు ముందు హాజరుపరచిన 15 రోజుల్లోగా, బిడ్డ బాగోగులు విచారించే ప్రొబేషన్ అధికారి మీ కుటుంబ పరిస్థితులపై నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికను గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది కనుక ఆయనకు ఉన్నదున్నట్లు చెప్పండి. మత్తుకు అలవాటుపడిన బిడ్డను చికిత్సకు పంపే అధికారం అదే బాలల న్యాయ చట్టం 93వ సెక్షన్ కింద బోర్డుకు ఉంది. మైనరుకు గంజాయి ఇచ్చినవాడికి 77వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు కఠిన కారాగారం పడవచ్చు. మీ ఆయన భయం తీరాలంటే ముందుగా వకీలును అడగండి; న్యాయసేవల సంస్థ ద్వారా వకీలు ఉచితంగానే దొరుకుతారు.

తల్లి: పిచ్చాసుపత్రికి పంపారన్న ముద్ర పడదా అండీ?

డాక్టర్: హైదరాబాద్‌లో మానసిక ఆస్పత్రి ఉన్న ఎర్రగడ్డ అనే పేట పేరునే తిట్టుగా మార్చుకున్నవాళ్లం కదమ్మా మనం, మీ భయం నాకు తెలుసు. కానీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లను పెద్దలకు దూరంగా, వేరే ఉంచాలి, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అయినవారొకరు తోడుండాలి. ముద్ర సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బిడ్డ నిద్రపోవాలి.

వ్యాఖ్యాత: తర్వాతి శ్రోత తమ ఊరు చెప్పదలచుకోలేదు.

శ్రోత: నేనొక హోమ్‌లో రాత్రి కాపలా ఉంటాను సార్. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లలు చాలామంది వస్తారు. ఎప్పుడు భయపడాలో మాకు తెలియదు.

డాక్టర్: మీరు అడగడమే మంచిదైంది. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, పీల్చే మత్తు పదార్థాలు వాడేవారు పెద్దల్లో 0.58 శాతమైతే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. ఆ మత్తులో ఉన్న పిల్లవాడిని తరమకండి, బెదిరించకండి, ఎందుకంటే ఆ క్షణంలో గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు. మద్యానికో నిద్రమాత్రలకో అలవాటుపడి హఠాత్తుగా ఆపినవాడికి చేతులు వణికినా, చెమటలు పట్టి తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, తెల్లవారనీ అని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. చేతుల మీద బ్లేడు గీతలు కనిపించినా, చచ్చిపోతానన్న మాట వినిపించినా నాటకమని కొట్టిపారేయకండి, ఒంటరి గదిలో పెట్టకండి. మనిషి పక్కన ఉండాలి, మర్నాడే వైద్యుడు చూడాలి. నలభై మంది పిల్లలకు ఒక్క కాపలా మనిషి ఉన్నచోట ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు.

వ్యాఖ్యాత: నిజామాబాద్ నుంచి ఒక తాతగారు.

తాత: మా మనవడికి బెయిల్ దొరికింది బాబూ, ఎల్లుండి ఇంటికొస్తున్నాడు. మునుపు నిద్రమాత్రలు మింగేవాడు. పాత దోస్తులు మా గల్లీ చివరనే ఉంటారు.

డాక్టర్: కొన్నాళ్లు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు తాతగారూ, అందుకే బయటికొచ్చిన మొదటి రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఇంట్లో ఎవరి మాత్రలున్నా తాళం వేయండి. హోమ్‌లో మొదలుపెట్టిన మందుల చీటీ తప్పక అడిగి తెచ్చుకోండి. రాత్రివేళ సందేహం వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

తాత: మేనమామ ఊరికి పంపితే?

డాక్టర్: మంచి ఆలోచనే, కానీ ముందుగా ప్రొబేషన్ అధికారికి చెప్పి, బెయిల్ షరతులు చూసుకుని పంపండి. బోర్డు వాయిదా తేదీ మాత్రం తప్పకూడదు.