పద్యాలు ఎప్పుడు పోయాయి?

పెద్దలకు నమస్కారం. ఆహ్వాన పత్రికలో నా అంశం 'వెబ్‌సైట్ల భద్రత' అని వేశారు. టైముంటే దాని దగ్గరికి వస్తాను. ముందు నా కడుపుమంట చెప్పుకోనివ్వండి.

మీలో చాలామందికి సొంత సైట్లున్నాయి. ఓ రోజు పొద్దున్నే తెరిస్తే తెల్ల పేజీ మీద ఒకే లైను: 'ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్', అంటే మీ రాతలు దాచిన డేటాబేస్‌తో సైటుకు సంబంధం కుదరలేదని. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు ఇది పాత చుట్టమే. మా జిల్లాలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఆ లైను చూసి పద్యాలన్నీ పోయాయని హడలిపోయారు. సైటును తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే 'రీఇన్‌స్టాల్ కొట్టండి సార్' అన్నారట. కొట్టారు. అది డేటాబేస్‌లో రాతలుండే పాత టేబుళ్లన్నీ తుడిచేసింది. పద్యాలు పోయింది అప్పుడండీ! పొద్దున పోలేదు.

మరి పొద్దున జరిగిందేమిటి? హోస్టింగ్ వాళ్లు రాత్రికి రాత్రే సైట్లను మైఎస్‌క్యూఎల్ 8.0 (డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న కొత్త సర్వర్‌కి మార్చి, డేటాబేస్‌లోకి వెళ్లే యూజర్ ఖాతాలు కొత్తగా సృష్టించారు. 2018లో వచ్చిన ఆ వెర్షన్‌లో పాస్‌వర్డ్ సరిచూసే డీఫాల్ట్ పద్ధతి మారింది. వర్డ్‌ప్రెస్‌ను నడిపే భాష పీహెచ్‌పీ. మాస్టారి సైటులోని దాని పాత వెర్షన్‌కి ఆ కొత్త పద్ధతి రాదు. పాస్‌వర్డ్ అదే, పద్యాలూ ఉన్నచోటే ఉన్నాయి, లోపలికి మాత్రం రానివ్వదు. పీహెచ్‌పీని 7.4కి మార్చి చూడాల్సింది. వర్డ్‌ప్రెస్‌లో తప్పుల వివరాలు చూపించే డీబగ్ ఆన్ చేస్తే ఈ కారణం కనిపించేది కూడా. ఆయనకా మాట చెప్పిన నాథుడే లేడు.

డేటాబేస్ ఖాతాను పాత పాస్‌వర్డ్ పద్ధతికే తిప్పి హాయిగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మీకూ చెబుతున్నా, 2024లో మైఎస్‌క్యూఎల్ 8.4 వచ్చాక ఆ పాత పద్ధతి డీఫాల్ట్‌గా ఆఫ్. 9.0లో పూర్తిగా తీసేశారు. ఈసారి అప్‌గ్రేడ్ జరిగితే మళ్లీ అదే తెల్ల పేజీ.

ఇక్కడ హోస్టింగ్ ఉద్యోగాలు చేసే కుర్రాళ్లెవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి బాబూ, కొట్టను. అప్‌గ్రేడ్‌కి వారం ముందు తెలుగులో ఒక మెసేజ్ పంపడానికి ఏం అడ్డం? బిల్లు కట్టమని మాత్రం గుర్తుపెట్టుకుని పంపుతారు కదా!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ఒక్క నిమిషం. ఆ లైను కనిపిస్తే ఎవరేం చెప్పినా రీఇన్‌స్టాల్ జోలికి పోకండి. రాత్రి సర్వర్‌లో ఏం మార్చారని అడగండి. డేటాబేస్‌ను బ్రౌజర్‌లోనే చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లోకి వెళ్లి డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే నకలు దింపుకుని, ఆ ఫైలు దాచుకోండి. ఎలాగో రానివాళ్లు, ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఉంటే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి, చూపిస్తాను.